ఎవరి వాదన ఎవరి నోట

“కాఫీలోకి పాలు కావాలేమో అడుగు వదినా,” అంది మార్లిస్, పొయ్యి వైపు నుంచి తల తిప్పకుండా.

వెయినో కంగస్ అదే వంటింట్లో, చెయ్యి చాస్తే భార్య భుజం అందేంత దూరంలో కూర్చుని ఉన్నాడు.

“పాలు కావాలా అంటోందిరా,” అంది ఇల్మా.

“నాకు చెవుడు లేదక్కా. అక్కర్లేదని చెప్పు.”

“అక్కర్లేదటమ్మా.”

“నాకూ చెవుడు లేదు వదినా.”

“ఈ ఇంట్లో చెవుడు నాకొక్కదానికే. మాటలు మోసే ఉద్యోగమూ నాకే,” అని ఇల్మా ఏలకుల రొట్టె ముక్కను కాఫీలో ముంచుకుంది.

ఆమె వెయినోకి అక్క. భర్త పోయాక తమ్ముడింటికి వచ్చేసింది. ఆమెది వింత చెవుడు. గిన్నెలు తుడవమంటే వినపడదు. పక్క గదిలో ఎవరైనా గుసగుసలాడితే మాత్రం బ్రహ్మాండంగా వినపడుతుంది.

గురువారం నుంచి ఆ ఇంట్లో ఇదే వరస.

అసలు తప్పంతా ఆ ప్రాంతం నుంచి వాషింగ్టన్‌కు వెళ్ళిన అమెరికా కాంగ్రెసు సభ్యుడిది. ఆరోగ్య బీమా చట్టాన్ని రద్దు చేసి ఇంకోటి తెస్తామని ఏళ్ళ తరబడి అంటున్నవాళ్ళు ఆ ఏడాది నిజంగానే ఆ పనికి దిగారు. కింది సభలో ఓటు అయిపోయింది. సెనేటు ఓటు ఆ వారంలోనే అన్నారు. మా ఊరొచ్చి ఒక్కసారి మా ఎదుట నిలబడి మాట్లాడవయ్యా అని కివి హార్బర్ జనం అడిగితే, ఆయనకు తీరిక లేదని ఆఫీసువాళ్ళు చెప్పారు. ఆయన రాకపోతే మనకు నోళ్ళు లేవా అని చర్చి కింది హాల్లో తామే చర్చ పెట్టుకున్నారు.

రద్దు చెయ్యాలనే పక్షాన వెయినో నోటీసు బోర్డు మీద పేరు రాశాడు. చట్టం ఉండాలనే పక్షాన ఒక్కరూ రాయలేదు. ఆ చట్టం కావలసినవాళ్ళు ఊళ్ళో లేక కాదు. మంచు మీద పరుగెత్తే మంచుబండిని వెయినో చేత బాగు చేయించుకోకుండా ఆ ఊళ్ళో ఎవరికీ చలికాలం గడవదు, అతనికి ఎదురు నిలబడడం దేనికని.

గురువారం మధ్యాహ్నం వెళ్ళి చూస్తే ఆ ఖాళీ జాగాలో గుండ్రటి అక్షరాలతో ‘మార్లిస్ కంగస్’ అని ఉంది.

శనివారం ఆవిరి స్నానం దగ్గర కూడా మౌనమే. చెక్క గదిలో, కాలిన రాళ్ళ ముందు, ఎవరు ముందు లేచి బయటికి వెళ్తే వాళ్ళు ఓడినట్టని ఇద్దరూ బిగదీసుకుని కూర్చున్నారు. ఉడికిన దుంపల్లా ఎర్రబడ్డారు గానీ లేవలేదు. చివరికి ఇల్మా తలుపు తీసి ఇద్దరి మీదా చెరో చెంబెడు సరస్సు నీళ్ళు కుమ్మరించింది. అప్పుడు కూడా తిట్టింది ఆమెనే గానీ ఒకరితో ఒకరు మాట్లాడలేదు.

ఆ మౌనం మంగళవారం పొద్దున, చర్చ జరగాల్సిన రోజున పగిలింది.

వెయినో షెడ్డులో గడ్డి కోసే యంత్రం ముందు నిలబడి ఉపన్యాసం సాధన చేస్తున్నాడు. “నా ఒంటితో సర్కారుకేం పని? అడుగుతున్నా, చెప్పండి!” అని యంత్రాన్ని గద్దించాడు.

చెత్త పారేయడానికి అటు వచ్చిన మార్లిస్ మాట్లాడకూడదన్న సంగతి మర్చిపోయింది.

“నీ పర్సులో ఉన్న కార్డు ఎవరిచ్చారు?”

వెయినో ఉలిక్కిపడి వెనక్కి తిరిగాడు. “అది మెడికేర్, పెద్దవాళ్ళ బీమా.”

“మెడికేర్ ఎవరిది? మీ తాతదా?”

“అది వేరు. జీవితమంతా జీతంలోంచి కట్టుకున్నాను. అరవై అయిదు నిండాయి, ఇచ్చారు.”

“నాకు అరవై రెండు. ఈ తుంటిని అటకెక్కించి, అరవై అయిదు నిండాక దింపుకోమంటావా?”

“నీ తుంటిని ఎవరేమన్నారే? నేను మాట్లాడేది తుంటి గురించి కాదు. దేశం గురించి.”

“దేశానికి తుంటి లేదేమో. నాకుంది. అరిగిపోయింది.”

బడి వంటింట్లో పెద్ద పెద్ద గిన్నెలు ఎత్తీ దించీ ఆమె కుడి తుంటి కీలు అరిగింది. అరిగాక ఉద్యోగం మానేసింది. ఉద్యోగంతో పాటు బీమా పోయింది. పాత రోజులైతే అలాంటి తుంటిని చూసి ఏ కంపెనీ గడప తొక్కనిచ్చేది కాదు. ఈ చట్టం వచ్చాక కాదనడానికి లేదు కాబట్టి ఇచ్చారు. అక్టోబరులో కీలు మార్పిడి ఆపరేషన్‌కు తేదీ కూడా ఖాయమైంది.

“బీమా కొనుక్కోకపోతే జరిమానా వేస్తారు,” అన్నాడు వెయినో. “జరిమానా వేసి కొనిపించడం స్వేచ్ఛంటావా?”

“లైసెన్సు లేకుండా చేపలు పట్టినా జరిమానా వేస్తారు. ఆ లైసెన్సు మాత్రం ఏటా భక్తిగా తెచ్చుకుంటావు.”

“చేపల జోలికి రాకు మార్లిస్.”

“నువ్వు నా తుంటి జోలికి రావొచ్చు, నేను నీ చేపల జోలికి రాకూడదు!”

“మరి డాక్టర్ హాల్వర్సన్ సంగతి...” అని మొదలుపెట్టి వెయినో టక్కున ఆగిపోయాడు. పానా తీసుకుని, బిగిసే ఉన్న నట్టును మళ్ళీ బిగించడం మొదలుపెట్టాడు.

మార్లిస్ చెత్త డబ్బా మూత వేసింది.

వంటింటి కిటికీలోంచి ఇల్మా తల బయటికి పెట్టింది. “మాట్లాడుకుంటున్నారా? ఇక నాకు సెలవా?”

“లేదు!” అన్నారు ఇద్దరూ ఒకేసారి.

సాయంత్రం సూర్యుడింకా సరస్సు మీద తాపీగా ఉండగానే చర్చి కింది హాలు నిండిపోయింది. మడత కుర్చీలు చాలక కొందరు మెట్ల మీద కూర్చున్నారు. ఒక మూల పెద్ద పాత్రలో కాఫీ మరుగుతోంది. ముందు వరసకు ఎదురుగా ఒక ఖాళీ కుర్చీ వేసి, దాని మీద కాంగ్రెసు సభ్యుడి పేరు అట్టముక్క మీద రాసి పెట్టారు. వెయినో స్నేహితుడు ఆర్వో ఆ కుర్చీలో పొగబెట్టిన చేపనొకదాన్ని కూర్చోబెట్టాడు. పాస్టర్ రోండా తీసెయ్యమంది. “ఆయన కంటే ఇదే నయం, కనీసం వచ్చింది,” అని గొణుక్కుంటూ తీశాడు.

పాస్టరమ్మ లేచి నిలబడింది. బక్కపలచటి మనిషి, గొంతు మాత్రం ఓడ కూతలా ఉంటుంది.

“ఈ వేసవిలో ఈ చట్టం గురించి మనవాళ్ళు ఎంత అరుచుకున్నారో నాకు తెలుసు. అన్నదమ్ములు పడవలు వేరు చేసుకున్నారు. ఇక్కడ మళ్ళీ అదే అరుపులైతే నా హాలు ఎందుకు, ఇళ్ళలోనే అరుచుకోవచ్చు. కాబట్టి ఒక నియమం పెడుతున్నాను. చట్టం ఉండాలని వెయినో మాట్లాడతాడు. రద్దు చెయ్యాలని మార్లిస్ మాట్లాడుతుంది. ఎదుటివాళ్ళ మాటను, వాళ్ళు వింటూ ఔనని తలూపేంత బాగా చెప్పాలి.”

హాలు ఒక్క క్షణం బిత్తరపోయి, ఆ తర్వాత ఘొల్లుమంది.

“నేనొప్పుకోను!” వెయినో లేచాడు. “నేను కాయితాల మీద రాసుకొచ్చాను.”

“ఆ కాయితాలు మార్లిస్‌కి ఇచ్చెయ్యి.”

“నాకక్కర్లేదు పాస్టరమ్మా,” అంది మార్లిస్. “షెడ్డులోంచి వినీ వినీ నాకు కంఠతా వచ్చేసింది.”

ఆమె చేతికర్ర ఊతంగా లేచి ముందుకొచ్చింది. నడుం మీద చెయ్యి వేసుకుని, గడ్డం పైకెత్తి, అచ్చం వెయినోలా గొంతు సవరించుకుంది. అక్కడే సగం హాలు పొట్ట పట్టుకుంది.

“నా ఒంటితో సర్కారుకేం పని? అడుగుతున్నా, చెప్పండి!”

వెయినో చెవులు ఎర్రబడ్డాయి.

జరిమానా సంగతి చెప్పింది. ఏడాదికేడాది పెరిగే వాయిదాల సంగతి, చిన్న దుకాణాలవాళ్ళ అవస్థ చెప్పింది. అన్నీ అతని మాటలే, అతని విసుర్లే. ఆర్వో తొడ చరిచి “అదీ!” అన్నాడు. తర్వాత ఆమె ఆగింది. చెయ్యి నడుం మీద నుంచి జారింది. గొంతు తనదే అయింది.

“మా ఆయనకు ఒక డాక్టరుండేవాడు. మీలో చాలామందికీ ఆయనే. హాల్వర్సన్. మంచుబండి తిరగబడి మా ఆయన కాలు నుజ్జయినప్పుడు, రోడ్డు మూసుకుపోతే, మంచు తవ్వే లారీ ఎక్కి మా ఇంటికొచ్చాడు. కాలు ఉందంటే ఆయన పుణ్యం. మీ డాక్టరు మీకే ఉంటాడని ఈ చట్టం తెచ్చినప్పుడు మాటిచ్చారు. తీరా చట్టం వచ్చాక, ఈయన సొంతంగా కట్టుకునే పాత బీమాను కంపెనీ ఆపేసింది. కొత్త దాని డాక్టర్ల జాబితాలో హాల్వర్సన్ లేడు. మా ఆయన ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్ళనన్నాడు. మొండితనం అనుకున్నాను. హాల్వర్సన్ పోయినప్పుడు సమాధి దగ్గర ఈయన అందరి వెనకాల నిలబడ్డాడు. ఎందుకని నేనడగలేదు. ఆయన్ని తానే వదిలేసినట్టు సిగ్గుపడ్డాడు. మాట తప్పింది ఎవరో, సిగ్గుపడింది ఎవరో.”

వెయినో టోపీ తీసి, దాని లోపల ఏదో వెతుకుతున్నట్టు చూస్తున్నాడు. చాలాసేపటికి తల ఊపాడు, ఔనని.

“వెయినో, నీ వంతు,” అంది పాస్టరమ్మ.

వెయినో ముందుకొచ్చాడు. అలవాటుగా కాయితాలు తెరిచి, అవి పనికిరావని గుర్తొచ్చి, మడిచి జేబులో కుక్కుకున్నాడు.

“ఈ చట్టం... అంత చెడ్డదేం కాదంటారు.”

“అంటారు కాదు, నువ్వే అనాలి,” అంది పాస్టరమ్మ.

“అంత చెడ్డదేం కాదు.” ఆ మాట చేదు మందు మింగినట్టు మింగాడు. నవ్వులు తగ్గేదాకా ఆగాడు. “లోపాలున్నాయి. ఉంటే? నా షెడ్డుకు వచ్చే ప్రతి బండికీ లోపముంటుంది. ఆర్వో, పోయిన చలికాలం నీ బండి తెచ్చావు. ఇంజను పొగ కక్కుతోందన్నావు. నేను ఆ ఇంజను పీకి సరస్సులో పడేసి, కొత్తది రెండేళ్ళలో వస్తుందిలే, అంతదాకా తోసుకుంటూ పో అంటే ఊరుకునేవాడివా?”

“నీ తల పగలగొట్టేవాణ్ణి,” అన్నాడు ఆర్వో. వెంటనే తేరుకుని, “ఒరేయ్, అసలు నువ్వు ఎవరి పక్షంరా?” అని అరిచాడు.

“ఈ పూట మా ఆవిడ పక్షం. పాస్టరమ్మని అడుగు.”

ఆ నవ్వుతో వెయినోకి ఊపొచ్చింది. జబ్బున్నవాడికే బీమా ఇవ్వకపోతే ఎవడికిస్తారయ్యా అన్నాడు. నీళ్ళలో పడ్డవాడికి పడవ ఎక్కే అర్హత లేదనడం ఏం న్యాయమన్నాడు. చట్టం ఉండాలన్న వాళ్ళు చప్పట్లు కొడితే బెదిరిపోయి చుట్టూ చూశాడు. తర్వాత మార్లిస్ వైపు చూడకుండా, కాఫీ పాత్రతో మాట్లాడుతున్నట్టు మెల్లగా అన్నాడు.

“మా మేడ మెట్ల మధ్యలో ఒక మలుపుంది. మా ఆవిడ దిగేటప్పుడు అక్కడ ఆగుతుంది. ఏమైందంటే, ఏం లేదు, కేలండరు చూస్తున్నానంటుంది. ఆ గోడ మీద ఉన్న కేలండరు నాలుగేళ్ళ పాతది.”

మార్లిస్ కళ్ళు దించుకుంది.

“నేనేమీ అనను. ఆవిడ కేలండరు చూసినంతసేపూ నేను కింద బూట్లు వేసుకుంటూ ఉంటాను. అప్పటికే వేసుకున్న బూట్లు. ఆ తుంటి మారాలి. అది మారేదాకా ఈ చట్టం... అంతే. చెప్పాను.”

వచ్చి కూర్చున్నాడు. చప్పట్లు కొట్టాలో వద్దో హాలుకు తెలియలేదు. పాస్టరమ్మ ముక్కు చీదుకుని, “ప్రశ్నలేమైనా ఉన్నాయా?” అంది.

ఇల్మా చెయ్యెత్తింది.

“అక్కా, ఇంటికెళ్ళాక అడుగు,” అన్నాడు వెయినో.

ఆ మాట ఆమెకు వినపడలేదు. “నాకొక సందేహం పాస్టరమ్మా. మా వాడు రద్దు కావాలంటాడు కదా. మరి మొన్న షెడ్డులోంచి ఆసుపత్రికి ఫోను చేసి, సెనేటువాళ్ళు ఏదో ఒకటి చేసేలోపు మా ఆవిడకి ఆపరేషన్ చేసెయ్యండి బాబూ అని ఎందుకు బతిమాలుకున్నట్టు?”

వెయినో టోపీతో మొహం కప్పుకున్నాడు. తర్వాత మెట్ల మీద నుంచి ఎవరో కిసుక్కుమన్నారు. ఆ నవ్వు వరసకు వరస పాకి, పొగచేపను ఒళ్ళో పెట్టుకున్న ఆర్వో దాకా వచ్చేసరికి వాడు కుర్చీలోంచి జారిపోయాడు.

నవ్వనివాళ్ళు ఇద్దరే. వెయినో. మార్లిస్.

ఎవరు గెలిచారని ఓటు పెట్టలేదు. కాఫీ పెట్టారు. మార్లిస్ కాఫీ తాగకుండానే చేతికర్ర తీసుకుని బయటికి నడిచింది.

వెయినో ట్రక్కు ముందు సీటు పొడుగాటి బల్లలా ఒక్కటే. ఇల్మా మధ్యలో కూర్చుంది, ఒళ్ళో మిగిలిన కేకు పళ్ళెంతో. ట్రక్కు సరస్సు పక్క రోడ్డెక్కింది.

“నాకేం వినపడదు. మీరు కానివ్వండి,” అంది ఇల్మా.

“నువ్విక జన్మలో మాట్లాడకు అక్కా.”

“నిజమేనా?” అంది మార్లిస్. గురువారం తర్వాత ఆమె అతన్ని కోపం లేకుండా అడిగిన మొదటి మాట అది.

“ఎవరికో తేదీ రద్దయిందట. సోమవారం ఖాళీ ఉందన్నారు. కానీ నువ్వే స్వయంగా ఫోను చేసి ఒప్పుకోవాలట. రేపటి లోపు.”

“సోమవారమా! ఇంత దాచిపెట్టి ఎప్పుడు చెబుదామనుకున్నావు?”

“చర్చ అయ్యాక. గెలిచి చెబుదామనుకున్నాను.”

ఆమెకు నవ్వొచ్చింది గానీ కిటికీ వైపు తిరిగి మింగేసింది. “ఓటు పడ్డ మర్నాడే నా బీమా ఊడిపోదు కదా.”

“ఏం చేస్తారో వాళ్ళకే తెలీదు. నాకెలా తెలుస్తుంది?”

“వాళ్ళు నీవాళ్ళే.”

“నావాళ్ళు కాబట్టే భయం,” అన్నాడు వెయినో. అనేశాక స్టీరింగు గట్టిగా పట్టుకున్నాడు, నోరు జారినంత వేగంగా బండి కూడా జారుతుందేమోనన్నట్టు.

ఇల్మా కేకు ముక్క తుంచి నోట్లో వేసుకుంది.

“సరే విను,” అంది మార్లిస్. “నేను సోమవారానికి ఒప్పుకుంటే, చట్టం పోతుందని ఒప్పుకున్నట్టు. అక్టోబరుకే ఉంచితే, ఉంటుందని నమ్మినట్టు. నువ్వు చెప్పు. ఆ చట్టం పోవాలా, ఉండాలా?”

“పాస్టరమ్మ పెట్టిన నియమం ప్రకారమా, మామూలుగానా?”

“మామూలుగా. మొగుడిగా.”

వెయినో నోరు తెరిచాడు. హాల్వర్సన్ పేరు అతని నాలుక దాకా వచ్చి ఉంటుంది, మెట్ల మలుపు కూడా వచ్చి ఉంటుంది. రెండూ ఒకదానికొకటి అడ్డం పడ్డట్టు, ఏదీ బయటికి రాలేదు. ట్రక్కు ఇంటి ముందు ఆగింది. ఇంజను కట్టేశాక కూడా అతను అలాగే కూర్చున్నాడు.

“అంటే నీకే తెలీదన్నమాట,” అంది మార్లిస్. కోపంగా అనలేదు. ఆమె కర్ర నేల మీద ఆనించి మెల్లగా దిగింది. “రేపు నేనే ఫోను చేస్తాను. ఏ తేదీ చెప్పానో మాత్రం నీకు చెప్పను.”

“చెప్పవా! నేను కదా నిన్ను తీసుకెళ్ళాల్సింది!”

“ఓటు రోజు దాకా చెప్పను. సెనేటులో లెక్క పెడుతున్నప్పుడు నువ్వు టీవీ చూస్తావు. నేను నీ మొహం చూస్తాను. ఏ పక్క గెలిస్తే నీ మొహం వెలుగుతుందో నీ నోరు చెప్పకపోయినా అదే చెబుతుంది.”

“ఇదేం అన్యాయమే! నా మొహం నా ఇష్టం!”

“‘నా ఒంటితో నీకేం పని?’ అంటావా?” అని ఆమె లోపలికి వెళ్ళిపోయింది.

వెయినో సాయం కోసం అక్క వైపు చూశాడు.

“ఏమన్నదిరా? నాకు వినపళ్ళేదు,” అని ఇల్మా కేకు పళ్ళెం పట్టుకుని దిగింది.

అతను లోపలికి వచ్చి, బూట్లయినా విప్పకుండా ముందుగదిలో టీవీకెదురుగా ఉన్న తన కుర్చీని రెండు చేతులా పట్టుకుని, గోడ వైపుకు కాస్త తిప్పాడు. కూర్చుని చూసుకున్నాడు. టీవీ కనపడుతోంది. మార్లిస్ కుర్చీలోంచి మాత్రం తన మొహం కనపడదు. తృప్తిగా లేచాడు.

మార్లిస్ వంటింట్లోంచి వచ్చి ఆ కుర్చీని చూసింది. కర్రను గోడకు ఆనించి, తన కుర్చీని కూడా, కుంటుకుంటూనే, అతని మొహం మళ్ళీ కనపడేలా సరిగ్గా అంతే తిప్పింది.